ఆరు మీటర్లు, నిలకడ

"మళ్ళీ మొదట్నించీ చెప్పు కూర్మయ్యా. గురువారం ఉదయం ఆరింటికి ఎంత?"

"ఆరు మీద పది బాబూ."

"ఏడింటికి?"

"ఆరు మీద ఇరవై ఎనిమిది."

"ఎనిమిదింటికి?"

"ఆరు మీద నలభై ఏడు. తొమ్మిదింటికి అరవై ఆరు. పదింటికి ఎనభై ఒకటి. పదకొండింటికి తొంభై అయిదు. మరింక సూడనేదు బాబూ. పదకొండూ ఇరవైకి దిబ్బపేట ఎల్లిపోనాది."

డిటెక్టివ్ గణపతిరావు నోట్‌బుక్‌లో టిక్కు పెట్టుకున్నాడు. మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ అవే అంకెలు. పాతికేళ్ళుగా అబద్ధాలు వినీ వినీ చెవులు తూట్లు పడిన మనిషి అతను. అబద్ధమాడేవాడు రెండోసారికల్లా ఎక్కడో ఒకచోట తడబడతాడు. లేకపోతే అప్పచెప్పినట్టు గడగడా ఒప్పజెబుతాడు. లాకప్ ఊచల అవతల చొక్కా లేకుండా కూచున్న ఈ కూర్మయ్య ఆ రెండూ చెయ్యడం లేదు. ప్రతి అంకె ముందూ కళ్ళు మూసుకుంటున్నాడు, నీటిలో నిలబెట్టిన స్కేలుని ఇంకా చూస్తున్నట్టే.

వంశధార మీద కొత్తరేవు దగ్గర నీటిమట్టం చూసే గేజి మనిషి కూర్మయ్య. గంటగంటకీ స్కేలు చూసి, రేవు బంగళాలోంచి విజయనగరంలోని వరద హెచ్చరిక కేంద్రానికి ఫోన్ చెయ్యడం అతని పని. అక్కడ కంప్యూటర్ ఆ అంకె తీసుకుని బులెటిన్ అచ్చుకొడుతుంది. తాలూకా ఆఫీసు పడవలు ఆ బులెటిన్ చూసే కదులుతాయి. నీరు ఆరున్నర మీటర్లు దాటితే ప్రమాదం. మొన్న గురువారం దాటింది. పడవలు కదల్లేదు. లంకలో ఉన్న దిబ్బపేటలో పదకొండు మంది పోయారు.

"నువ్వు చెప్పింది ఇంత స్పష్టంగా ఉంటే, తప్పు నాదేనని కాగితం మీద సంతకం ఎందుకు పెట్టావురా నాయనా?"

కూర్మయ్య తల దించుకున్నాడు. "మిషను కాయితం సూపించినారు బాబూ. ఆరుసార్లూ ఆరూ ఆరూ అనే ఉన్నాది. మిషను అబద్ధమాడదట. మరి నా కళ్ళే తప్పు సూసినాయేమో... నా నోరే తప్పు పలికిందేమో. సచ్చిపోనోళ్ళలో మా సెల్లి లక్ష్మణమ్మ ఉన్నాది బాబూ. దాన్ని నానే సంపేసినట్టు."

గణపతిరావుకి ఒళ్ళు మండిపోయింది. కొట్టి సంతకం పెట్టించి ఉంటే నిలదీసేవాడు. ఇక్కడ కొట్టలేదు. కాగితం చూపించారు, అంతే. ఈ అమాయకుడు తన కళ్ళని తనే అనుమానించుకుని ఉరితాడు మెళ్ళో వేసుకున్నాడు. స్కేలు పక్కనున్న గుడిసె, అందులో రాసుకున్న పుస్తకం రెండూ ఏట్లో కొట్టుకుపోయాయి. అతని మాటకి సాక్ష్యం అతని మాటే.

"అయిందా విచారణ?" గుమ్మంలోంచి ఇన్‌స్పెక్టర్ పట్నాయక్ గొంతు. గడియారం చూసుకుంటూ వచ్చాడు. పోలీసుల పనిలో ప్రైవేటు డిటెక్టివ్ వేలు పెడితే ఆయనకి ఒంటి మీద తేలు పాకినట్టుంటుంది. "తొమ్మిదీ నలభై. సాయంత్రం ఐదింటికి విజయనగరంలో మేజిస్ట్రేటు గారి ముందు పెడుతున్నాను. వీడి పెళ్ళాం తవిటమ్మ మీ కాళ్ళ మీద పడి ఏడిస్తే వచ్చారు, బాగుంది. మొగుణ్ణి చూశారు. ఇంక బయల్దేరండి."

"ఆ బులెటిన్ ఒకసారి ఇవ్వండి."

పట్నాయక్ ఇచ్చాడు. భయమేం లేదు మరి ఆయనకి. పొడుగాటి కాగితం మీద ఇంగ్లీషులో ఆరు వరసలు. కొత్తరేవు, ఆరు, నిలకడ. కొత్తరేవు, ఆరు, నిలకడ.

"ఏముందండీ ఇందులో?" అన్నాడు పట్నాయక్. "వీడు బంగళాలో తొంగుని, గంటకోసారి లేచి ఫోన్‌లో ఆరు అని మళ్ళీ తొంగున్నాడు."

"కూర్మయ్యా, నీ స్కేలు మీద మీటరుకి ఎన్ని గీతలు?"

"వంద బాబూ. ఆగస్టులో కొత్త స్కేలు పాతినారు. అంతకుముందు అడుగుల స్కేలు."

గణపతిరావు ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "బద్ధకస్తుడే అనుకుందాం. పొద్దున్న ఒకసారి చూసిన అంకెనే ఆరుసార్లు చెబుతాడు. ఆరు మీద పది, ఆరు మీద పది అంటాడు. ఉత్తి ఆరు అని ఎందుకంటాడు? నది సరిగ్గా ఆరు దగ్గర ఆగి కూచుంటుందా?"

"బద్ధకానికి దశాంశాలెందుకండీ?"

"మిగతా రేవుల సంగతేమిటి? ఆగస్టు నుంచీ వచ్చిన బులెటిన్లన్నీ చూశారా?"

"నా కేసు కొత్తరేవు."

"నాది నది," అని గణపతిరావు కాగితం మడిచి ఇచ్చేశాడు. మాట బాగానే ఉంది గానీ, బయటికొచ్చి కారెక్కుతూ లెక్క వేసుకున్నాడు. ఐదింటికింక ఏడు గంటల ఇరవై నిమిషాలు. చేతిలో ఉన్నది ఒక అనుమానం, అదీ సగం.

* * *

విజయనగరం కేంద్రానికి చేరేసరికి పన్నెండూ పది. శుక్రవారం నుంచి దానికి తాళం వేసి, విచారణ అయ్యాక ఈ సోమవారమే తెరిచారు. రేవుల ఫోన్లు మూడింటికి గానీ మొదలు కావు. ఆఫీసరు గారు హైదరాబాదు వెళ్ళారట, తప్పు తన మీదికి రాకుండా చూసుకోడానికేనని అందరికీ తెలుసు. ఉన్నది ఇద్దరే. ఫోన్ అందుకుని, కంప్యూటర్ చదివే అట్టకార్డుల మీద అంకెల బెజ్జాలు గుద్దే నీలవేణి, కంప్యూటర్ నడిపే జగన్నాధం.

గణపతిరావు ముందు పాత బులెటిన్ల కట్ట అడిగాడు. నిలబడే తిరగేశాడు. సెప్టెంబరు, కొండరేవు: మూడు, మూడు, నాలుగు. పెదపాడు రేవు: రెండు, మూడు, మూడు. ఒక్కచోటా దశాంశం లేదు. జూలైలోకి వెళ్ళాడు. పధ్నాలుగు, పదిహేను, పదిహేడు. అప్పుడు అడుగులు. అప్పుడూ దశాంశం లేదు. నది మొత్తం పూర్ణాంకాల్లోనే పారుతోంది.

"అందరూ బద్ధకస్తులేనా నీలవేణీ?"

ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. పాతికేళ్ళుంటాయేమో. కార్డులు గుద్దే యంత్రం ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

"నాకేటి తెలుస్తాదండీ. వాళ్ళు చెప్పింది గుద్దుతాను."

"గురువారం కూర్మయ్య ఏం చెప్పాడు?"

నీలవేణి తలుపు వైపు చూసింది. జగన్నాధం అద్దాల తలుపు అవతల, కంప్యూటర్ గదిలో, ఇటే చూస్తున్నాడు.

"చూడమ్మా. నిన్ను భయపెట్టడానికి రాలేదు. ఐదింటికి ఒక మనిషి జైలుకి పోతాడు. తప్పు తనదేనని అతనే నమ్ముతున్నాడు. నువ్వు కూడా నమ్ముతున్నావా?"

నీలవేణి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "ఫోన్‌లో అరిచినాడండి. అమ్మా, గట్టిగా రాయి, ఆరు మీద తొంభై అయిదు, మా సెల్లి అవతల ఉండిపోనాది, అని అరిచినాడు. ఇప్పటికీ చెవిలో ఉన్నాది."

"కార్డులు?"

"వాడేసినవి శనివారం చించేస్తారండి. దిబ్బపేట సంగతి గురువారం సాయంత్రమే తెలిసింది. ఆ ఆరింటినీ చించడానికి నాకు చెయ్యి రాలేదు. ఇంటికి పట్టుకుపోయినాను."

కాళ్ళ దగ్గరున్న చేతిసంచి తీసింది. మడతపెట్టిన తువ్వాలులోంచి ఆరు అట్టకార్డులు బయటికొచ్చాయి. బెజ్జాల పైన, కార్డు అంచున, సన్నటి అక్షరాల్లో యంత్రం అచ్చువేసిన అంకెలు. 6.10. 6.28. 6.47. 6.66. 6.81. 6.95.

గణపతిరావు జేబులోంచి నోట్‌బుక్ తీసి పక్కన పెట్టాడు. ఒక్క గీత తేడా లేదు.

"జగన్నాధం గారూ," అని కేకేశాడు. "ఇలా వస్తారా, నేను రానా?"

జగన్నాధమే వచ్చాడు. ముప్ఫై ఏళ్ళవాడు, నాలుగురోజులుగా గడ్డం గీసుకోలేదు. కార్డులు చూశాడు. కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు.

"లోపలికి ఆరు పాయింటు తొంభై అయిదు వెళ్ళింది. బయటికి ఆరు వచ్చింది. మధ్యలో పాయింటు తొంభై అయిదు ఎక్కడికి పోయింది?"

"కోసేశాం."

"ఎవరు?"

"నేనే."

ఆ పైన అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు, ఎవరో బలవంతంగా కక్కిస్తున్నట్టు.

"కంప్యూటర్లో అంకెలు దాచే గళ్ళు రెండు రకాలండీ. ఒక రకం గడిలో దశాంశంతో సహా పడుతుంది. రెండో రకం గడిలో పూర్ణాంకమే పడుతుంది. మొదటి గడిలో ఉన్న ఆరు పాయింటు తొంభై అయిదుని తీసి రెండో గడిలో వెయ్యమంటే, ఆరు మాత్రం వేస్తుంది. మిగతాది పారేస్తుంది."

"ఏడుకి దగ్గరగా ఉంది కదా? ఏడు చెయ్యదా?"

"చెయ్యదండీ. ఆరు పాయింటు తొంభై తొమ్మిదైనా ఆరే. కిందికే దింపుతుంది. అది దాని తప్పు కాదు. నేను అలా కావాలనే రాశాను."

"ఎందుకయ్యా? నీకేం పోయేకాలం?"

"మా నాన్న కొత్తరేవులోనే ముప్ఫై ఏళ్ళు గేజి చూశాడు. అప్పుడు స్కేలు లేదు, రేవు మెట్లే కొలత. మెట్టుకో అడుగు. మునిగిన మెట్టే లెక్క, తడిసిన మెట్టు లెక్క కాదు. అలలు కొడుతుంటే సగం మెట్టని ఒకడంటాడు, ముప్పావని ఇంకొకడంటాడు, ఆ తగువులెందుకని ఏటి పొడుగునా రేవువాళ్ళందరూ అలాగే చెప్పేవారు. నేను అది చూస్తూ పెరిగాను. ఇక్కడ ప్రోగ్రాం రాయమన్నప్పుడు పూర్తిగా మునిగిన అడుగులే లెక్కలోకి తీసుకున్నాను. ఆఫీసరు గారు కూడా సరే అన్నారు. అడుగుల్లో పోయేది మహా అయితే పన్నెండంగుళాలు. రెండేళ్ళు ఏ తేడా రాలేదు."

"ఆగస్టులో మీటర్లు వచ్చాయి."

"వచ్చాయి. ప్రమాదం గీత ఇరవై ఒకటి తీసి ఆరున్నర వేశాను. మిగతా ప్రోగ్రాం ముట్టుకోలేదు. ఆ ఆరున్నర కూడా రెండో రకం గడిలోకే పోయింది. ఆరైపోయింది. నీరు ఆరు, ప్రమాదం ఆరు. ఆరు కంటే ఆరు ఎక్కువ కాదు కదండీ. గంట కిందటా ఆరే, ఇప్పుడూ ఆరే, కనుక నిలకడ. ఏడు మీటర్లు నిండితే తప్ప అది నోరు మెదపదు. అడుగైతే ఒక మెట్టు. మీటరంటే మూడు మెట్ల పైమాటే. ఆ మూడు మెట్లూ నేను చూడలేదు."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"శుక్రవారం పొద్దున్నే."

"ఈవేళ సోమవారం!"

గణపతిరావు చెయ్యెత్తాడు. కొట్టేసేవాడే. నీలవేణి చిన్నగా కేక పెట్టడంతో ఆగాడు. శుక్ర, శని, ఆది. మూడురోజులు ఒక మనిషి ఊచల వెనక కూచుని చెల్లెల్ని తనే చంపుకున్నాననుకుంటున్నాడు, ఇక్కడ ఈయన గడ్డం పెంచుకుంటూ కూచున్నాడు. తిట్టడానికి నోటికొచ్చిన మాటలన్నీ మింగేసి తెల్లకాగితం ముందుకి తోశాడు.

"ఇప్పుడు నాతో అన్నదంతా రాయి. కింద సంతకం. ఆ తర్వాత ఆ ప్రోగ్రాం సరిచెయ్యి, నా కళ్ళ ముందు."

జగన్నాధం రాశాడు. రాయడానికే ఎదురుచూస్తున్నట్టు, తల ఎత్తకుండా రెండు పేజీలు నింపాడు.

ముందు పాత ప్రోగ్రాంతోనే నీలవేణి దాచిన ఆరు కార్డులూ వేశారు. టైపు యంత్రం టకటకా కొట్టింది. ఆరు, నిలకడ. ఆరుసార్లూ అదే. ఆ తర్వాత జగన్నాధం ప్రోగ్రాం గుద్ది ఉన్న కార్డుల కట్టలోంచి మూడు కార్డులు లాగి కొత్తవి గుద్దించి పెట్టాడు. యంత్రం ఆ ప్రోగ్రాంని మళ్ళీ నమిలి అర్థం చేసుకోవడానికి అరగంట పైనే పట్టింది. రెండూ ఇరవైకి అవే ఆరు కార్డులు మళ్ళీ వేశారు. 6.10. 6.28. 6.47. 6.66 పక్కన కాగితం మీద పెద్ద అక్షరాలతో ప్రమాదం అని పడింది.

నిజానికి మూడో వరస, 6.47, ఇంకా గీత దాటలేదు. తొమ్మిదింటికి గానీ హెచ్చరిక వచ్చేది కాదు. అయినా పదకొండూ ఇరవైకి ఇంకా రెండు గంటల ఇరవై నిమిషాలుండేవి. పడవలకి గంట చాలు.

నీలవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గణపతిరావు ఆ కాగితాన్ని చించి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈ కేసు చేపట్టాక మొదటిసారి అతనికి ఆశ పుట్టింది. పుట్టిన పావుగంటకి బయట జీపు ఆగింది.

* * *

కేంద్రం ముద్రతో బులెటిన్ నకలు తీసుకోడానికి వచ్చాడు పట్నాయక్. వెనక నోటుపుస్తకంతో ఒక హెడ్డు కానిస్టేబులు. గణపతిరావు అంతా చెప్పాడు. కార్డులు చూపించాడు, జగన్నాధం కాగితం చూపించాడు. ఇన్‌స్పెక్టర్ ఓపిగ్గా విన్నాడు. అది చూసే గణపతిరావుకి భయం వేసింది.

"మిషను దశాంశం కోస్తుంది. ఒప్పుకున్నాను," అన్నాడు పట్నాయక్. "కాని కోయడానికి కూర్మయ్య దశాంశం చెప్పాలి కదా? చెప్పాడని ఎవరంటున్నారు?"

"కార్డులు అంటున్నాయి."

"కార్డు మీద తేదీ ఉందా? లేదు. ఆఫీసులో ఉందా? లేదు, ఈ అమ్మాయి సంచిలో ఉంది. నిన్న గుద్దిందో, గంట కిందట మీరు చెబితే గుద్దిందో! ఫోన్‌లో ఎవరూ చెప్పని అంకె కార్డు మీద గుద్దడానికి ఎంతసేపు పడుతుంది అమ్మాయీ? ఐదు సెకన్లా?"

నీలవేణి ముఖం పాలిపోయింది.

"ఆమె అలాంటి మనిషి కాదు," అన్నాడు గణపతిరావు.

"రుజువు చెయ్యండి. నేనేం రాక్షసుణ్ణి కాదు." పట్నాయక్ బల్ల చివర కూచున్నాడు. "మూడింటికి రేవులన్నీ ఫోన్ చేస్తాయి కదా? అందరూ దశాంశాలతో చెప్పే అలవాటుంటే కూర్మయ్యా చెప్పే ఉంటాడు. ఈ అమ్మాయి రోజూ అడిగినట్టే అడగాలి. మీరు నోరెత్తకూడదు. ఇద్దరు ముగ్గురు దశాంశం చెబితే చాలు, ఛార్జిషీటు ఈవేళ పెట్టను. ఒప్పుకుంటారా?"

గణపతిరావు ఎగిరి గంతేసినట్టు ఒప్పుకున్నాడు. తన గొయ్యి తనే తవ్వుకుంటున్నానని ఆ క్షణాన తట్టలేదు.

మూడయింది. మొదటి ఫోన్ కొండరేవు నుంచి. నీలవేణి రిసీవర్ బల్ల మీదికి వంచి అందరికీ వినిపించేలా పట్టుకుంది.

"ఎంత?"

"నాలుగు."

నీలవేణి కళ్ళెత్తి గణపతిరావుని చూసింది. "నాలుగు మీద...?"

"మీదా నేదు కిందా నేదు తల్లీ. నాలుగు. పెట్టేస్తన్నాను."

రెండోది పెదపాడు రేవు. "అయిదు." అంతే. నీలవేణి ఏదో అనబోయేలోగా అవతలివాడే అందుకున్నాడు. "అయిదేనమ్మా. ఎప్పుడూ ఇలాగే సెప్తన్నాం కదేటి?"

ఫోన్ పెట్టేసిన చప్పుడు. గణపతిరావుకి సంగతి అర్థమైంది. శనివారం నుంచీ ఏటి పొడుగునా ఒకటే కబురు నడిచి ఉంటుంది. కూర్మయ్య ఒకటి చెప్పాడు, మిషను ఇంకొకటి చెప్పింది, కూర్మయ్యని పట్టుకుపోయారు. మిషను ఏ అంకె కొడుతుందో ఆ అంకే చెబితే ఎవరి జోలికీ ఎవరూ రారు. కంప్యూటర్లో దశాంశం కోసే కార్డులు తీసేసి గంటన్నర కాలేదు, ఇప్పుడు ఆ పని మనుషులు రేవులోనే చేసేస్తున్నారు.

పట్నాయక్ లేచి టోపీ పెట్టుకున్నాడు. "విన్నారుగా. వీళ్ళెప్పుడూ ఇంతే చెబుతారు."

"వాళ్ళు భయపడి చెబుతున్నారు!"

"అది మీ ఊహ. నాకు వినిపించింది అంకె." గుమ్మం దగ్గర ఆగాడు. ఏమనుకున్నాడో, గొంతు కొంచెం తగ్గించాడు. "గణపతిరావుగారూ, మీకింకో అవకాశం ఇస్తాను. మా హెడ్డు సాయంత్రం దాకా ఇక్కడే కూచుంటాడు. ఫోన్‌లో వచ్చిన అంకె తను రాసుకుంటాడు, కార్డు మీద పడ్డ అంకె పక్కన రాసుకుంటాడు. అన్నీ ఒకటే అయితే ఈ అమ్మాయి చెప్పింది చెప్పినట్టే గుద్దుతుందని రేపు నేనే మేజిస్ట్రేటు గారికి మనవి చేస్తాను. అప్పుడు ఆ ఆరు కార్డులకీ విలువుంటుంది. ఒక్కటి తేడా వచ్చినా, చెత్తబుట్టలోకే."

జీపు వెళ్ళిపోయింది. మూడూ పది.

హెడ్డు బల్ల దగ్గర కుర్చీ లాక్కుని, పెన్సిలు మొన నాలికకి తడి చేసుకున్నాడు. ఉన్న ఆశల్లా ఇప్పుడు ఆ పెన్సిలు మీదే. గణపతిరావు సిగరెట్ వెలిగించబోతుంటే మూడోసారి ఫోన్ మోగింది.

"కొత్తరేవునండీ, సోముల్ని. కూర్మయ్య బదులు నన్నేసినారు. ఆరు. రాసుకోండి, ఆరు."

గొంతు వెనక గోల. పిల్లల ఏడుపు, ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు. గణపతిరావు నీలవేణి చేతిలోంచి రిసీవర్ లాక్కున్నాడు.

"సోములూ, ఆ గోలేమిటి?"

"ఎవులు బాబూ తమరు?"

"కూర్మయ్య తరఫు మనిషిని. ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నావు?"

సోములు జవాబు చాలా మెల్లగా వచ్చింది. "బల్ల మీదెక్కి బాబూ. గదిలోకి మోకాటి లోతు వచ్చీసినాది."

"బంగళాలోకే! ఎందరున్నారక్కడ?"

"అరవై మందిమి ఉంటాం. దిబ్బపేటలో మిగిలినోళ్ళందర్నీ ఇక్కడే పెట్టినారు కదా. తవిటమ్మ కూడా ఉన్నాది, కూర్మయ్య పెళ్ళాం. ఎగువన వాన కురుస్తన్నాది బాబూ, ఇంకా వస్తాది."

"స్కేలు మీద ఎంతుంది? నిజం చెప్పు!"

"ఆరు."

"ఒరే సోములూ, బంగళాలోకి నీళ్ళొస్తే ఆరెలాగవుతుందిరా? మిషను బాగుచేశాం, నీకేం కాదు, నా మీద ఒట్టు. ఉన్నది చెప్పు!"

"కూర్మయ్య ఉన్నదే సెప్పినాడు బాబూ. ఏటయ్యాడు? నాకు ముగ్గురు ఆడపిల్లలు. ఆరు మీద ఒక్క సుక్క కూడా నాను సెప్పను. పడవలు పంపించండి బాబూ, మీకు దండం పెడతాను, కాని నాను సెప్పింది ఆరే. అలాగే రాయండి." ఫోన్ గుడగుడమంది. ఆ పైన ఏమీ లేదు. గణపతిరావు ఎంత తట్టినా లైను పలకలేదు.

అతను తాలూకా ఆఫీసుకి ఫోన్ కలిపించాడు. నాలుగు నిమిషాలు పట్టింది. అవతలి గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు. బులెటిన్‌లో ప్రమాదమని వస్తే క్షణంలో పడవలు దింపుతామన్నాడు. ప్రైవేటు వాళ్ళు ఫోన్ చేస్తే దింపడానికి తనకి అధికారం లేదన్నాడు. తహసీల్దారు గారు క్యాంపులో ఉన్నారన్నాడు.

గణపతిరావు రిసీవర్ పెట్టేసి హెడ్డు వైపు తిరిగాడు. "విన్నావు కదయ్యా. బంగళాలోకి నీళ్ళొచ్చాయి. అరవై మంది."

హెడ్డు ముఖంలో జాలి ఉంది. పెన్సిలు మాత్రం కదల్లేదు. "ఇన్నాను బాబూ. నన్ను అంకె రాయమన్నారు. కొత్తరేవు, ఆరు. రాసినాను."

మూడూ ఇరవై రెండు. నీలవేణి యంత్రంలో ఖాళీ కార్డు పెట్టి, వేళ్ళు మీటల మీద ఉంచి చూస్తోంది.

"ఎంతని గుద్దనండీ?"

ఆరని గుద్దితే ఆమె మాట నిలబడుతుంది. ఆరు కార్డులు నిలబడతాయి. రేపు కాకపోతే ఎల్లుండి కూర్మయ్య ఊచల్లోంచి బయటికొస్తాడు. వచ్చి ఎవరి దగ్గరికి వెళతాడు?

గణపతిరావు హెడ్డు పుస్తకం వైపు ఒకసారి చూసి అన్నాడు.

"ఎనిమిది."

"ఎవరూ చెప్పలేదండీ ఎనిమిదని."

"తెలుసు."

"హెడ్డుగారు రాసుకుంటారండి. ఆ ఆరు కార్డులూ... కూర్మయ్య..." ఆమె మీటల మీంచి చేతులు తీసేసింది. "ఇంక నన్నెవరూ నమ్మరండీ. అతన్ని ఇంక ఎవరూ విడిపించలేరు."

"తెలుసమ్మా. గుద్దు."

నీలవేణి కళ్ళు తుడుచుకుని మీట నొక్కింది. జగన్నాధం కార్డు అందుకుని లోపలికి పరిగెత్తాడు. టైపు యంత్రం ఒకే ఒక్క వరస కొట్టింది. కొత్తరేవు, 8.00, ప్రమాదం. తాలూకా ఆఫీసు గుమాస్తా ఈసారి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. పడవలు దింపుతున్నామన్నాడు.

బల్ల దగ్గర హెడ్డు పుస్తకం దగ్గరికి లాక్కుని, కొత్తరేవు పక్కన రాసిన ఆరుకి ఎదురుగా ఎనిమిది అని వేసి, ఆ రెంటి చుట్టూ సున్నా చుట్టాడు.